మనం కొట్లాడింది గ్లాసుతోనా?

2024 డిసెంబరు 31 రాత్రి పదిన్నర ప్రాంతంలో నేను తలుపు గడియ వేసుకుని, వంటింటి కిటికీకి పరదా కూడా లాగి, స్టీలు గ్లాసులో వైను పోసుకుని కూర్చున్నాను. ఆ రోజుతో నాకు నలభైమూడేళ్ళు నిండాయి. బడి రికార్డులో నా పుట్టినతేదీ జులై 1. ఆ ఏడాది మా ఊరి బడిలో చేరిన పిల్లలందరిదీ అదే తేదీ, హెడ్మాస్టరు గారి చలవ. అసలు తేదీ మా అమ్మకే తెలుసు. నేను పుట్టిన మర్నాడు పొద్దున బడిలో కొత్త సంవత్సరమని పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచారట, అదీ ఆమె గుర్తు. ఆ రాత్రి మంత్రసానిని పిలుచుకురావడానికి ఇంట్లో మగమనిషి లేడనీ, నాన్న సారా కొట్టు దగ్గరే ఉండిపోయాడనీ, నాయనమ్మే లాంతరు పట్టుకుని పోయిందనీ కూడా చెబుతుంది. ఫిర్యాదులా చెప్పదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయని చెప్పినట్టే చెబుతుంది.

ఏడాది చివరి రోజున పుట్టినవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ఊరంతా ఎటూ పండగ చేసుకుంటుంది గనక మన కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. నాకు గోల పడదు. చేపల పులుసు వండుకుని, ఎప్పటినుంచో చదవాలనుకున్న పుస్తకమొకటి ముందు పెట్టుకుని పన్నెండు దాకా మేలుకుని ఉండడమే నా పుట్టినరోజు. కొన్నేళ్ళుగా దానికి ఒక గ్లాసు వైను తోడైంది. (పులుసుకీ ఆ వైనుకీ ఏ మాత్రం పొసగదు, అది వేరే విషయం.) స్టీలు గ్లాసెందుకని మీరు అడగొచ్చు. స్టీలు గ్లాసులో ఏముందో చూసేవాళ్ళకి తెలియదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. తలుపు వేసే ఉంది, పరదా లాగే ఉంది, అయినా స్టీలు గ్లాసే. పితృస్వామ్యం గురించి ఇరవయ్యేళ్ళుగా చదువుతూ, రాస్తూ, శిక్షణా తరగతుల్లో చెబుతూ ఉన్న మనిషిని నేను. ఆ గ్లాసు గురించి ఈ పత్రికలో రాయాలని ఏడాదిగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ వైను దుకాణంలో కొన్నది కాదు. మన ఊళ్ళల్లో మందు దుకాణాలన్నిటికీ 'వైన్స్' అని బోర్డు ఉంటుంది గానీ అక్కడ అమ్ముడుపోయేదంతా విస్కీ, బ్రాందీ, బీరు. వైను అడిగితే వెనక అరలోంచి దుమ్ము తుడిచి ఇస్తారు. నేను తాగేది మా కింది వాటాలో ఉండే ఆంటీ చేసింది. ఆమె సికింద్రాబాదులో రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగిన ఆంగ్లో ఇండియన్ మనిషి. దీపావళి వెళ్ళగానే మోండా మార్కెట్‌కి పోయి గింజలున్న నల్లద్రాక్ష తెస్తుంది. బెంగుళూరు చుట్టుపక్కల పండే రకం అది, తొక్క మందం, పులుపు ఎక్కువ. కడిగి గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి, జాడీలో వేసి చేత్తో నలిపి, పంచదార, గుప్పెడు గోధుమలు, ఈస్టు, దాల్చినచెక్క, లవంగాలు వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి వాసెన కడుతుంది. రోజూ చెక్క గరిటెతో ఒకసారి కలపాలి. ఇరవై ఒక్క రోజుల తర్వాత వడగట్టి, పంచదార మాడ్చిన పాకంతో రంగు తెస్తుంది. క్రిస్మస్‌కి కేకు ముక్కతోపాటు మా మెట్లమీద ఒక సీసా ఎక్కి వస్తుంది. మా అమ్మ ఆవకాయ పెట్టే జాడీకీ ఆంటీ జాడీకీ తేడా ఏమీ లేదు. శుభ్రం, ఎండ, లెక్క తప్పని రోజులు, చేతి తడి తగలకూడదన్న జాగ్రత్త, అన్నీ అవే.

ఆ రాత్రి పదకొండు కావస్తుండగా ఎవరో తలుపు కొట్టారు. మా వీధిలో నాలుగిళ్ళలో పనిచేసే ఆమె. మా ఇంట్లోనూ ఆమే చేస్తుంది. మక్తల్ వైపునుంచి పదేళ్ళ కిందట వలస వచ్చిన కుటుంబం. "అక్కా, జర తలుపు తియ్" అంటోంది. నేను ముందు గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టాను. నోట్లో రెండు లవంగాలు వేసుకున్నాను. ఆ తర్వాత తలుపు తీశాను. ఈ వరుస నేను మర్చిపోలేకపోతున్నాను. బయట ఒక స్త్రీ చంటిదాన్ని భుజాన వేసుకుని చలిలో నిలబడి ఉంటే, స్త్రీల మీద హింస గురించి డాక్టరేటు చేసిన నేను లవంగాలు వెతుక్కుంటున్నాను.

ఆమె మొగుడు తాగొచ్చి డబ్బులడిగాడు. లేవంది. కొట్టాడు. కొంగున మూటకట్టిన 1,800 రూపాయలు తీసి నా చేతిలో పెట్టి "నీ కాడ ఉండనియ్యక్కా, పొద్దుగాల తీస్కుంట" అంది. చెంప వాచి ఉంది. పోలీసుల్ని పిలుద్దామా అన్నాను. ఈ రాత్రి వాళ్ళంతా రోడ్ల మీద డ్రంకెన్ డ్రైవ్ పట్టుకుంటున్నారు, బస్తీకి ఎవరొస్తారు అంది. ఆ మాటలో వెటకారం కూడా లేదు. పిల్లని పడుకోబెట్టి వంటింట్లో మంచినీళ్ళు తాగి సింకు వైపు చూసి, "ఏం తాగుతున్నవక్కా?" అంది. చెప్పాను. "ఆంటీ చేసిందా? ఆ జాడీ కడిగింది నేనే గదా. మాకియ్యలే గని."

రెండో స్టీలు గ్లాసు తీసి ఆమెకీ పోశాను. రెండు గుక్కలు తాగి "తియ్యగ దగ్గుమందు లెక్కుంది. గిది తాగితే నిద్ర గూడ రాదు" అంది. తర్వాత తన ఊరి ఈతకల్లు సంగతి చెప్పింది. పండగొస్తే అమ్మ, అత్త, చిన్నమ్మలు, కొత్తకోడలు, అందరూ ఒకచోట కూర్చుని తాగుతారట. మగవాళ్ళ ముందే తాగుతారట. అందులో దాచవలసింది ఏముందో ఆమెకి అర్థం కాలేదు. నేను లవంగాలు నమలడం చూసి నవ్వింది కూడా.

ఇక్కడ రెండు లెక్కలు చెప్పుకోవాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో నూటికి 6.7 మంది మద్యం తాగుతామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒక్కరు కూడా లేరు. తెలంగాణలో కూడా పల్లెల్లో తాగే స్త్రీల శాతం పట్టణాల్లో కంటే చాలా ఎక్కువ. అంటే మన పత్రికలూ సినిమాలూ 'తాగే ఆడది' అనగానే చూపించే పబ్బులోని పొట్టిగౌను అమ్మాయి ఈ లెక్కలో చాలా చిన్న భాగం. ఎక్కువమంది కల్లు మండువాల దగ్గరా, పొలం గట్ల మీదా, పెళ్ళి పందిళ్ళ వెనకా కూర్చున్న శ్రామిక స్త్రీలు. వాళ్ళు సిగ్గుపడరు. సిగ్గంతా మాలాంటి కులాల, మాలాంటి ప్రాంతాల, చదువుకున్న స్త్రీల వాటాకి వచ్చింది.

నా సిగ్గు ఎక్కడిదో నాకు బాగా తెలుసు. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట ఊరు. 1991లో జిల్లాలో 'అక్షరజ్యోతి' మొదలైనప్పుడు ఏడో తరగతి చదివిన మా అమ్మ వాలంటీరైంది. రాత్రి బడి మా పంచలోనే. వాచకంలో సీతమ్మ కథ వచ్చే పాఠం నాడు వాళ్ళు పలకలు పక్కన పెట్టేసి మాట్లాడుకున్నారు. ఎవరి మొగుడు ఎంత తాగుతాడు, కూలి ఎంత, అందులో ఇంటికొచ్చేది ఎంత. నాకప్పుడు పదేళ్ళు. మూలన దుప్పటి కప్పుకుని వింటున్నాను. కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించిన సంగతి కూడా వాచకంలోకి పాఠంగా వచ్చింది. అది చదివి మరో ఊరు, ఆ ఊరిని చూసి ఇంకో ఊరు. 1992లో నెల్లూరులో సారా పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ రాత్రి బడిలో నేను విన్న మాటలు ఇన్నేళ్ళలో చాలాసార్లు నెమరేసుకున్నాను. తర్వాత నా పరిశోధన కోసం ఆ ఊళ్ళకి మళ్ళీ వెళ్ళి, అప్పటికి ముసలివాళ్ళైన స్త్రీలతో మాట్లాడాను. తాగడం పాపమని వాళ్ళలో ఎవరూ అనలేదు. తాగడానికి నీళ్ళు రాని ఊరికి సారా జీపు ఎట్లా వస్తోందని అడిగారు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారా పోసి ఇంటి గుమ్మం దాకా తెచ్చింది ప్రభుత్వమే కదా అన్నారు. కాంట్రాక్టరుకి పోలీసులు కాపలా కాస్తారు గానీ మాకు కాయరేమని అడిగారు. మగవాళ్ళ కూలి సాయంత్రానికి ఎవరి జేబులోకి పోతోందో లెక్కగట్టారు. ఊళ్ళోకి ఏది రావాలో, ఇంట్లోకి ఏది రావాలో చెప్పే హక్కు మాకు లేదా అన్నది వాళ్ళ ప్రశ్న. 1993 జనవరిలో అన్వేషి మిత్రులు ఇ.పి.డబ్ల్యు.లో రాసిన వ్యాసం ఈ స్త్రీలు రాజకీయాలనే కొత్తగా నిర్వచిస్తున్నారని గుర్తించింది.

కానీ ఉద్యమం పత్రికల్లోకి, వేదికల మీదికి వచ్చేసరికి వాళ్ళ ప్రశ్న పక్కకి పోయి ఒక బొమ్మ తయారైంది. చేతిలో చీపురు, నుదుట పెద్దబొట్టు, కళ్ళలో నిప్పులు, సంసారాన్ని కాపాడుకునే ఇల్లాలు. ఆదిశక్తి. ఎవరికి ఏ బొమ్మ కావాలో ఆ బొమ్మ గీసుకున్నారు. అందరూ ఈ ఉద్యమాన్ని తమదిగా చెప్పుకున్న తీరు గురించి సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లోనే రాశారు. ఆ బొమ్మలోని స్త్రీ తాగదు, తాగకూడదు. తాగితే ఆమె కోపానికి విలువ పోతుంది. మా అమ్మ ఆ బొమ్మని నమ్మింది. నేనూ నమ్మాను. స్టీలు గ్లాసు అక్కణ్ణుంచి వచ్చింది.

దీని ఫలితం మన సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఎట్లా ఉందో మనం బయటికి మాట్లాడుకోం. నాకు తెలిసిన ఒక సంస్థలో కొన్నేళ్ళ కిందట జరిగింది చెబుతాను. శిక్షణా శిబిరం అయిపోయిన రాత్రి లాడ్జి గదిలో ఇద్దరు క్షేత్ర కార్యకర్తలు బీరు తాగారు. ఎవరో ఫోటో తీశారు. అది గ్రూపుల్లో తిరిగింది. ఇద్దర్నీ పిలిచి సంజాయిషీ అడిగారు. 'మహిళా సంఘాల ముందు మన ముఖం ఏమవుతుంది' అన్నారు. ఒకామె రాజీనామా చేసింది, రెండో ఆమె క్షమాపణ రాసిచ్చి ఉండిపోయింది. అదే శిబిరానికి వచ్చిన మగ సమన్వయకర్తలు పక్క గదిలో తాగుతున్నారన్నది అందరికీ తెలుసు. వాళ్ళనెవరూ అడగలేదు. ఆ సంజాయిషీ అడిగిన కమిటీలో నేనూ ఒక సభ్యురాలిని. నేనేమీ అనలేదు. ఏమైనా అంటే 'అయితే మీరూ తాగుతారా' అంటారని భయం. ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

2009 జనవరి 24న మంగుళూరులో శ్రీరామసేన మనుషులు పబ్బులోకి జొరబడి అమ్మాయిల్ని కొట్టినప్పుడు మనమంతా ఖండించాం, ఊరేగింపులు తీశాం. కానీ ఖండిస్తూనే 'తాగడాన్ని మేం సమర్థించడం లేదు గానీ' అని మొదలుపెట్టినవాళ్ళు మనలో చాలామంది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అనూజ్ గర్గ్ కేసులో, మద్యం అమ్మే చోట స్త్రీలు పనిచేయకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టపు నిబంధన చెల్లదని చెప్పింది. స్త్రీలని కాపాడుతున్నామనే పేరుతో వాళ్ళ హక్కులు తీసేయడం కుదరదంది. కోర్టు అంత స్పష్టంగా చెప్పిన మాట మన సంస్థల సర్వీసు నిబంధనల్లోకి రాలేదు.

ఇక్కడ ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు. మొగుడు తాగి కొట్టిన స్త్రీ నీ ఇంట్లో పడుకుని ఉంటే నీకు తాగే హక్కు గురించి మాట్లాడడానికి నోరెట్లా వచ్చింది? న్యాయమైన ప్రశ్న. ఇందాక చెప్పిన సర్వేలోనే దేశం మొత్తానికి ఇంకో లెక్క ఉంది. భర్త తరచూ తాగి మత్తెక్కే ఇళ్ళలో దాదాపు 70 శాతం స్త్రీలు శారీరక, లైంగిక హింసని ఎదుర్కొన్నారు. భర్త అసలు తాగని ఇళ్ళలో 23 శాతం. మొదటి అంకె చూసి మందు హింసని ఎంత పెంచుతుందో ఒప్పుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసేసే ఏ 'స్వేచ్ఛ' వాదనతోనూ నేను ఏకీభవించను. కానీ రెండో అంకెని కూడా చదవాలి. చుక్క ముట్టని మొగుళ్ళ చేతిలో దాదాపు నాలుగో వంతు ఆడవాళ్ళు దెబ్బలు తింటున్నారు. సీసా మాయమైనా కొట్టే హక్కు ఉందనుకునే మగవాడు మిగులుతాడు. మందు అతనికి ధైర్యమూ ఇస్తుంది, మర్నాడు చెప్పుకోవడానికి సాకూ ఇస్తుంది. 'తాగి ఉన్నాడు పాపం' అని సర్దిచెప్పే పెద్దమనుషులు ఏ పంచాయితీలోనైనా ఉంటారు. తాగి ఉన్న ఆడదానికి మాత్రం ఆ సాకు ఎవరూ ఇవ్వరు. ఆమె మీద అత్యాచారం జరిగితే తాగడమే ఆమె నేరమవుతుంది.

ఇంకోవైపునుంచి కూడా జాగ్రత్త పడాలి. నగరాల్లో బారుల వాళ్ళు 'లేడీస్ నైట్' అని పెట్టి ఆడవాళ్ళకి ఉచితంగా పోస్తారు. అది సమానత్వం అని వాళ్ళ ప్రకటనలు చెబుతాయి. వల్లో వేసే ఎరకి డబ్బు తీసుకోరు, అంతే సంగతి.

ఇక ప్రభుత్వం. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి లాటరీ తీస్తే లక్షా ముప్ఫైవేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి 2,600 కోట్లకు పైగా వచ్చిపడింది. 2025లో ఆ రుసుముని 3 లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దశలవారీ నిషేధం అన్నారు, దుకాణాలన్నీ ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, క్వార్టరు 99 రూపాయలకే అందిస్తామన్నది ప్రభుత్వం పేదలకి చెప్పిన శుభవార్త. ఏటా డిసెంబరు 31న దుకాణాలు అర్ధరాత్రి దాకా తెరుచుకోవచ్చని ప్రత్యేక ఉత్తర్వులు వస్తాయి. మా పనావిడ మొగుడు ఆ రాత్రి రెండోసారి క్వార్టరు తెచ్చుకోవడానికి వెళ్ళింది ఆ ఉత్తర్వు పుణ్యానే. డబ్బులడిగింది అందుకే.

మరి చట్టం ఎవరిని పట్టుకుంటుంది? 1968 నాటి మన ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం. మా ఆంటీ జాడీ కూడా ఆ చట్టం కళ్ళలో నేరమే. కానీ ఇన్నేళ్ళలో మా మెట్లెక్కి ఏ ఎక్సైజ్ కానిస్టేబులూ రాలేదు. అది 'క్రిస్మస్ సంప్రదాయం'. తండాలో బెల్లం ఊట పెట్టుకున్న లంబాడీ స్త్రీది గుడుంబా. ఆమె కుండలు పగలగొడతారు, తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. గుడుంబా కేసుల్లో పి.డి. యాక్టు కూడా వాడారు. గుడుంబా ప్రాణాలు తీసింది, దాన్ని ఆపవద్దని నేననను. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి చనిపోయినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. పేదవాళ్ళ గ్లాసులో ఏం పోస్తున్నారన్నది ప్రాణాల సమస్య. నేనడిగేదల్లా, నా గ్లాసులో ఉన్నది సంస్కృతి, ఆమె కుండలో ఉన్నది నేరం ఎట్లా అయ్యాయని.

ఆదివాసీ ప్రాంతాలకి ఈ విషయంలో ఒక చట్టం ఉంది. 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలంటుంది. ఇప్పసారా ఉండాలా, వైన్ షాపు ఉండాలా అన్నది ఊరే తేల్చుకోవాలి. మహారాష్ట్రలో ఇంకో పద్ధతి ఉంది. ఊళ్ళోనో వార్డులోనో నాలుగో వంతు స్త్రీ ఓటర్లు అడిగితే దుకాణం ఉండాలా వద్దా అని రహస్య ఓటింగు పెట్టాలి. బాలెట్ మీద రెండు గుర్తులు, నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. పడుకున్న సీసాకి సగానికి పైగా ఓట్లు పడితే దుకాణం మూయాలి. ఆ ఓటుకి వెళ్ళే స్త్రీని నువ్వు తాగుతావా తాగవా అని ఎవరూ అడగరు. 1992లో మా పంచలో కూర్చున్న స్త్రీలు అడిగిన దానికి నాకు తెలిసినంతలో దగ్గరగా వచ్చిన చట్టం ఇదే. మన రెండు రాష్ట్రాల్లో దీని కోసం మనం ఎందుకు పోరాడడం లేదు? దుకాణం గుడికి, బడికి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో టేపు పట్టుకుని కొలుస్తూ వినతిపత్రాలు ఇస్తున్నాం. మన కార్యకర్త ఏ గదిలో ఏం తాగిందో విచారణ జరుపుతున్నాం. ఆ శక్తిలో సగం ఈ ఓటు హక్కు మీద పెట్టి ఉంటే బాగుండేది.

నేను తాగే గ్లాసుకి నాకు హక్కుంది. ఎవరినీ కొట్టకుండా, ఎవరి కూలీ లాక్కోకుండా, నా ఇంట్లో నేను తాగుతున్నాను. కానీ ఆ హక్కు గురించి గొప్పగా చెప్పుకోవడానికి ముందు నా ఇంటికి గడియ ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. మా పనావిడకి ఎవరూ నేర్పకుండానే తాగే స్వేచ్ఛ ఉంది, సిగ్గు లేదు. ఆమెకి లేనిది గడియ. 2005 గృహహింస చట్టం ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఆ హక్కు అర్ధరాత్రి పూట ఆమె చేతికి అందదు, అందుకే పిల్లని ఎత్తుకుని నా గుమ్మంలోకి వచ్చింది. నేను స్టీలు గ్లాసు దాచుకోవడం, ఆమె కొంగున 1,800 దాచుకోవడం ఒకే భయంలా ఆ రాత్రి నాకు అనిపించింది. తెల్లారేసరికి ఆ పోలిక నాకే సిగ్గుగా తోచింది. నా భయం పరువుది. ఆమెది ఒంటిమీది దెబ్బలది, పిల్ల పాలది.

జనవరి 1 పొద్దున్నే ఆమె లేచి పిల్లకి ముఖం కడిగి, 1,800లో 800 తీసుకుని వెయ్యి నా దగ్గరే ఉంచమంది. ఇప్పటికీ అట్లా నెలనెలా కొంత తెచ్చి ఇస్తుంది, ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతున్నాను. మొగుణ్ణి వదిలేయలేదు. కేసు పెట్టలేదు. స్టేషనుకి రెండుసార్లు నాతో వచ్చింది, రెండుసార్లూ పెద్దమనుషులు వచ్చి రాజీ అన్నారు. ఈ మధ్య గదికి లోపల గడియ పెట్టించుకుంది. వడ్రంగికి డబ్బులు ఆ నోటుపుస్తకంలోంచే తీసింది.

అదే పొద్దున మా అమ్మ ఫోన్ చేసింది. రాత్రి ఏం తిన్నావంది. చేపల పులుసన్నాను. ఇంకా అంది. ఇంకేమీ లేదన్నాను. సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె కూడా ఒకతె. జీపు చక్రాల కింద గాలి తీసింది. ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. "మేం కొట్లాడింది నువ్వు తాగడానికా?" అని ఆమె అడిగితే ఏం చెప్పాలో పాతికసార్లు మనసులో రాసుకున్నాను. మీరు చదువుతున్నది ఆ జవాబే. ఆమెకి ఇంకా చదివి వినిపించలేదు.

ఈ డిసెంబరుకి అమ్మ నా దగ్గరే ఉంటుంది, కంటి ఆపరేషనుంది. ఆంటీ దీపావళి నాడే అడిగింది, ఈసారి ఒక సీసానా రెండా అని. రెండన్నాను. ఒకటి జాడీ కడిగినావిడకి.